60 యార్డ్ డాష్ 7.24 దగ్గరే ఆగిపోయింది, షోకేస్‌కి ఎనిమిది వారాలే ఉంది

ఫ్రిస్కో_నాన్న:

నమస్తే అందరికీ. మావాడికి 16, ఈ ఆగస్టులో జూనియర్ ఇయర్ (11వ తరగతి) మొదలు. బేస్‌బాల్‌లో రెండో బేస్ ఆడతాడు, మనిషి తక్కువైతే సెంటర్ ఫీల్డ్‌లో పెడతారు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 148 పౌండ్లు. జులై ఆఖరి శనివారం షోకేస్‌కి (కాలేజీ కోచ్‌ల ముందు కుర్రాళ్లు ఆట చూపించుకునే ఈవెంట్) డబ్బు కట్టేశాం.

ఏప్రిల్‌లో లేజర్‌తో తీయించిన టైములు ఇవి: 10 యార్డులకి 1.84 సెకన్లు, 30కి 4.08, 60కి 7.24. అదే వారం స్కూల్ కోచ్ స్టాప్‌వాచ్‌తో తీస్తే 6.98 వచ్చింది. ప్రొఫైల్లో ఏది పెట్టాలో తెలీక రెండూ పెట్టలేదు.

ఇప్పుడు చేస్తున్నది: వారానికి మూడు సాయంత్రాలు 2 మైళ్ల జాగింగ్, టీమ్ ప్రాక్టీస్ చివర్లో పోల్స్ (ఒక ఫౌల్ పోల్ నుంచి ఇంకో పోల్ దాకా పరుగు), టోర్నమెంట్ లేని శనివారం పది 60లు, మధ్యలో నిమిషం రెస్ట్. ఆరు వారాలైంది. 7.24 తర్వాత 7.29, మళ్లీ 7.26. ఇసుమంత కదల్లేదు.

జులై ఆఖరికి 6.9 సాధ్యమేనా? స్టార్ట్‌లో బేస్ దొంగిలించేటప్పటిలా పక్కకి తిరిగి నిలబడాలా, ఎదురుగా నిలబడాలా? నడుముకి కట్టుకుని పరిగెత్తే పారాచూట్, నేల మీద పరిచి అంగలేసే ల్యాడర్ కొనమని టీమ్‌లో ఒకాయన చెప్పారు, కొనొచ్చా? ఇంట్లో శాకాహారం, వాడు గుడ్డు మాత్రం తింటాడు. దాని వల్ల ఏమైనా తేడా పడుతోందా?

---

స్ప్లిట్_శాస్త్రి:

ముందు గడియారం సంగతి తేల్చుకుందాం. మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు టైములు కావండీ, ఒకటే వేగం. స్టాప్‌వాచ్ పట్టుకున్నాయన 60 యార్డుల అవతల నిలబడి, కుర్రాడు కదలడం చూశాక బొటనవేలు నొక్కుతాడు. కంటికీ వేలికీ మధ్య 0.2 సెకన్ల చొప్పున అక్కడే పోతుంది. ఆఖర్లో మాత్రం వస్తున్నవాణ్ణి చూస్తూనే ఉంటాడు కాబట్టి సరిగ్గా గీత మీదే నొక్కుతాడు, ఒక్కోసారి ముందే నొక్కేస్తాడు. మొదట్లో పోయింది చివర్లో తిరిగి రాదు. అందుకే ట్రాక్ పోటీల్లో చేతి టైముని ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 0.24 కలుపుతారు. 6.98కి 0.24 కలపండి: 7.22. మీ లేజర్ 7.24. కోచ్ గారి తప్పేం లేదు, ఆయన వేలు బాగానే పనిచేసింది.

ప్రొఫైల్లో 7.24 పెట్టి, పక్కన లేజర్ అని రాయండి. 6.98 రాసుకుని వెళ్తే షోకేస్ లేజర్‌లో 7.2 పడుతుంది. అప్పుడు చూసేవాళ్లకి గుర్తుండేది కుర్రాడి కాళ్లు కాదు, మీరు రాసిన అంకె.

ఇక అసలు విషయం. 7.24 అనే అంకెని ముక్కలు చెయ్యకుండా ఎంత పరిగెత్తించినా లాభం లేదు. మీ స్ప్లిట్లని విడదీస్తే:

మొదటి 10 యార్డులు 1.84
10 నుంచి 30 దాకా 2.24
30 నుంచి 60 దాకా 3.16

చివరి ముక్క చూడండి. 90 అడుగులు 3.16 సెకన్లలో, అంటే సెకనుకి 28.5 అడుగులు. అమెరికాలో టాప్ బేస్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్‌లో స్టాట్‌కాస్ట్ అనే ట్రాకింగ్ సిస్టమ్ లెక్కగట్టే స్ప్రింట్ స్పీడ్ సగటు 27. బాబీ విట్ జూనియర్ (మీ పక్కనే కాలీవిల్ హెరిటేజ్ హైస్కూల్లో చదివినవాడే) లాంటి మెరుపులు 30 దాటతాయి. మావాడు మేజర్ లీగర్ల కంటే ఫాస్ట్ అని స్వీట్లు పంచకండి. వాళ్లది మ్యాచ్ మధ్యలో, బంతి చూసుకుంటూ, బేస్ చుట్టూ తిరుగుతూ తీసిన వేగం. మీవాడిది తిన్నటి గీత మీద తీసినది. చెప్పొచ్చేదేంటంటే, వాడి టాప్ స్పీడ్ తీసిపారేసేది కాదు. ఆ వేగాన్ని అందుకోవడమే ఆలస్యం అవుతోంది. చిల్లు ముందు భాగంలో ఉంది.

6.90 కావాలంటే ముక్కలు దాదాపు ఇలా పడాలి: 1.72, 2.13, 3.05. ప్రతి ముక్కలో 0.11, 0.12 చొప్పున తగ్గాలి. స్టార్ట్ సరిచేస్తే మొదటి ముక్కలో 0.06 నుంచి 0.08 దాకా కొన్ని వారాల్లోనే రాలుతుంది, ఎందుకంటే అది బలం కాదు, పద్ధతి. రెండో ముక్క నెమ్మదిగా వస్తుంది. మూడోది అన్నిటికంటే మొండిది. నా అంచనా, అంతా బాగా నడిస్తే 7.05 నుంచి 7.10. 6.9 అనేది కాళ్లలో బలం పెరిగాక వచ్చే ఏడాది మాట. ఎనిమిది వారాల్లో 0.3 తగ్గిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే ముందు టైము ఏ గడియారంతో తీస్తారో అడగండి. మొదటి టైము లేజర్‌తో, రెండోది చేత్తో తీస్తే పావు సెకను ఎవరైనా తగ్గించగలరు.

0.1 అంటే చిన్నదేం కాదు. ఆఖర్లో వాడి వేగానికి అది దాదాపు మూడు అడుగులు. బేస్ స్టీల్ చేసేటప్పుడు ట్యాగ్ (ఫీల్డర్ బంతితో తాకించి అవుట్ చెయ్యడం) తప్పడానికీ తగలడానికీ మధ్య అంత దూరం కూడా ఉండదు.

పొజిషన్ కూడా చూడాలి. పిచర్లని చాలా చోట్ల 60 పరిగెత్తించరు. క్యాచర్‌కి పాప్ టైము (బంతి అందుకుని రెండో బేస్‌కి చేర్చే టైము) ముందు, 60 తర్వాత. ఫస్ట్ బేస్‌లో బ్యాట్ మాట్లాడితే 7.3ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండో బేస్, సెంటర్ ఫీల్డ్ అంటే మాత్రం ఆ అంకెని కచ్చితంగా చూస్తారు. ముఖ్యంగా మీవాడిలా 150 పౌండ్లలోపు ఉండి, పవర్ ఇంకా రాని కుర్రాడికి. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు జూనియర్ ఇయర్ ఆగస్టు 1 నుంచే కుర్రాళ్లని సంప్రదించగలరు కాబట్టి జులై ఆఖరి షోకేస్ మంచి టైమే. కానీ ఆ ఒక్క రోజుతో తలుపులు మూసుకుపోవు.

---

స్టార్ట్‌లైన్:

స్టాన్స్, అంటే నిలబడే తీరు గురించి. షోకేస్ వాళ్లు ఏది ఒప్పుకుంటారో ముందు మెయిల్‌లో అడగండి. చాలా చోట్ల పక్కకి తిరిగైనా, ఎదురుగానైనా నిలబడనిస్తారు. చెయ్యి నేలకి ఆనించే ట్రాక్ స్టాన్స్ మాత్రం అన్ని చోట్లా కుదరదు. ఛాయిస్ ఉంటే ఎదురుగా, ఒక కాలు ముందు ఒక కాలు వెనక. శరీరం తొంభై డిగ్రీలు తిరిగే పని ఉండదు, అంతే కారణం.

ఏ కాలు ముందు? కుర్రాణ్ణి రెండు కాళ్లు కలిపి నిలబెట్టి, చెప్పకుండా వెనకనుంచి మెల్లగా తొయ్యండి. పడిపోకుండా ఏ కాలు ముందుకేస్తాడో అది వెనక కాలు. మూడుసార్లు చేసి చూడండి. తర్వాత రెండు రకాలుగానూ ఐదేసి 10లు తీసి టైముతో తేల్చుకోండి, ఎందుకంటే ఈ తోపుడు పరీక్ష అందరికీ సరిపడదు.

నిలబడేది ఇలా. ముందు పాదం కొస గీతకి రెండు అంగుళాలు వెనక. వెనక పాదం కొస, ముందు మడమకి ఒక పాదం దూరంలో. రెండు పాదాల మధ్య అడ్డంగా తుంటి వెడల్పు, తాడు మీద నడిచేవాడిలా ఒకే గీతలో పెట్టకూడదు. బరువులో ముప్పాతిక ముందు కాలి మునివేళ్ల వెనక ఉండే మెత్త మీద. ముందు మోకాలు బొటనవేలిని దాటి ముందుకి రావాలి. ఎడమ కాలు ముందుంటే కుడి చెయ్యి ముందు, ఎడమ చెయ్యి వెనక జేబు దగ్గర. చూపు రెండు మూడు గజాల దూరంలో నేల మీద, ఫినిష్ గీత మీద కాదు. ఇలా కదలకుండా రెండు సెకన్లు ఆగగలగాలి. ఆగలేక తూలుతున్నాడంటే బరువు మరీ ముందుకి పడింది.

ఇప్పుడు ఏం చెడుతుందో చెప్తాను. వీడియో తీసి చూస్తే ఈ నాలుగిట్లో ఒకటి కనపడకపోతే ఆశ్చర్యమే.

మొదటిది, కదలగానే ముందు కాలిని వెనక్కి ఓ నాలుగు అంగుళాలు లాగి అప్పుడు తొయ్యడం. కాళ్లు సమానంగా పెట్టుకున్నవాడికి ఆ వెనకడుగు కొంత ఉపయోగపడుతుంది, ఒక కాలు ఇప్పటికే వెనకున్నవాడికి అది శుద్ధ దండగ. బరువు మడమల మీద ఉండటం వల్ల వస్తుంది. ముందు మడమ కింద పల్చటి కాగితం పెట్టి, అది నలక్కుండా నిలబడమనండి.

రెండోది, రెండో అంగకే నిటారుగా లేచిపోవడం. పది యార్డులు 1.84 పడేవాళ్లలో ఎక్కువమంది జబ్బు ఇదే. తల ఎత్తితే ఛాతీ లేస్తుంది, ఛాతీ లేస్తే కాలు నేలని వెనక్కి కాకుండా కిందకి తోస్తుంది. వంగి ఉండు అని అరిస్తే నడుము దగ్గర మడిచి గూనివాడిలా పరిగెత్తుతారు, అది ఇంకా చేటు. చెప్పాల్సిన మాట "నేలని వెనక్కి తొయ్యి" అని. ఒడ్డు నుంచి పడవని తోసినట్టు, కాలు పూర్తిగా చాచి.

మూడోది, మొదటి అంగ మరీ పెద్దదిగా వెయ్యడం. పాదం తుంటికి ముందు పడితే అది బ్రేకు. నాలుగోది దానికి రివర్స్: ల్యాడర్ అలవాటు వల్ల పిచ్చుక గెంతుల్లా టకటకా చిన్న అంగలు. చూడ్డానికి ఫాస్ట్‌గా ఉంటుంది, మనిషి మాత్రం కదలడు. లెక్కపెట్టండి, ఈ ఎత్తు కుర్రాడికి 10 యార్డులకి ఏడు అంగలు అటూ ఇటూ సరిపోవాలి. తొమ్మిది పడుతున్నాయంటే తోపు లేదు.

లేజర్ గురించి ఒక్క మాట. స్టార్ట్ కిరణం గీత మీద నడుము ఎత్తులో ఉంటే, ముందున్న చెయ్యి వేలాడి దానికి అడ్డం పడుతుంది. కుర్రాడు ఇంకా కదలకముందే గడియారం మొదలు. అలాంటిచోట ముందు మోచెయ్యి కాస్త మడిచి పైకి పెట్టుకోవాలి. కొన్నిట్లో వెనక కాలో చెయ్యో ప్యాడ్ మీంచి లేస్తే మొదలవుతుంది. గడియారం దేంతో మొదలవుతుందో రెజిస్ట్రేషన్ దగ్గరే అడగండి, అక్కడివాళ్లు చెప్తారు.

పక్కకి తిరిగే స్టాన్స్ తప్పనిసరి అంటే: కుడి పాదం కొసని పరిగెత్తే వైపుకి కొద్దిగా తెరిచి ఉంచాలి, ఎడమ పాదానికి రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపాలి. అప్పుడు తుంటికి తిరగడానికి దారి ఉంటుంది. ఎడమ చేతిని గట్టిగా అడ్డంగా విసిరితే ఎడమ కాలు దాని వెంటే వస్తుంది. లేచి తిరక్కూడదు, తిరుగుతూ తొయ్యాలి.

---

యోయో_బాధితుడు:

చిన్న మాట. మన ఇళ్లల్లో క్రికెట్ వల్ల ఫిట్‌నెస్ అంటే యోయో టెస్టు, 2 కిలోమీటర్ల పరుగు అని ముద్రపడిపోయింది. అవి దమ్ము పరీక్షలు. 60 యార్డులు ఏడు సెకన్ల పని, అందులో ఊపిరితిత్తుల పాత్ర దాదాపు సున్నా. జాగింగ్ రోజూ చేసేవాడికి జాగింగ్ బాగా వస్తుంది. మేజర్ లీగ్ డ్రాఫ్ట్ కంబైన్‌లో (టీమ్‌లు కుర్రాళ్లని ఎంచుకునే ముందు పెట్టే పరీక్షలు) అయితే 30 యార్డులే పరిగెత్తిస్తారు, బేస్‌బాల్‌లో అంతకంటే ఎక్కువ తిన్నగా పరిగెత్తే సందర్భం ఎప్పుడో గానీ రాదు కదా.

---

పరుగు_పట్టిక:

పైన అన్నదే. 2 మైళ్లు ఆపేయండి. పోల్స్ కోచ్ చేయిస్తే తప్పదు, మీరై మీరు చేయించకండి. శనివారం పది 60ల సంగతి చూద్దాం: నిమిషం రెస్ట్‌తో మూడోదానికే 7.5 పడుతుంది, ఎనిమిదోది 7.9 ఉంటుంది. అంటే వాడు ఒకసారి వేగంగా, తొమ్మిదిసార్లు నెమ్మదిగా పరిగెత్తడం ప్రాక్టీస్ చేస్తున్నాడు. కాళ్లు ఆ తొమ్మిదే నేర్చుకున్నాయి.

రూలు ఒకటే. ప్రతి 10 యార్డుల పరుగుకి ఒక నిమిషం రెస్ట్. 20కి రెండు నిమిషాలు, 30కి మూడు, 60కి ఆరు. కుర్రాడికి బోర్ కొడుతుంది, చూసేవాళ్లకి వీడు కూర్చున్నాడేంటి అనిపిస్తుంది. కూర్చోనివ్వండి. ప్రతి పరుగుకీ టైము తియ్యండి, ఆ రోజు బెస్ట్ కంటే 3 శాతం దిగజారితే ఆ రోజుకి సరి. 4.08 బెస్ట్ అయితే 4.20 పడగానే బ్యాగు సర్దెయ్యాలి, ఇంకా రెండు మిగిలున్నా సరే.

వేసవిలో ట్రావెల్ బాల్ (ఊళ్లు తిరిగి ఆడే క్లబ్ టోర్నమెంట్లు) శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఉంటుంది కాబట్టి పరుగు మంగళ, గురువారాలు. సోమవారం ఏమీ వద్దు. ఆదివారం రెండు మ్యాచ్‌లు ఆడి ఉంటే మంగళవారం లెక్క సగానికి కొయ్యండి.

1 నుంచి 3 వారాలు. మంగళవారం 10 యార్డులు ఆరు, 20 యార్డులు నాలుగు. మొదటి 10ల్లో రెండు ఒక మోకాలు నేలకానించి లేచేవి, రెండు నిలబడి ముందుకి వాలి పడిపోతూ మొదలయ్యేవి, రెండు అసలు స్టాన్స్ నుంచి. గురువారం ఎత్తుగడ్డ మీద 15 యార్డులు ఆరు, తర్వాత చదును మీద 20 మూడు. డాలస్ చుట్టుపక్కల గుట్టలెక్కడివి అంటారేమో, వరదనీటి చెరువుల గట్లు ఉంటాయి, మెల్లగా ఎక్కే వాలు చాలు. మరీ నిటారుగా ఉంటే మెట్లెక్కడం అయిపోతుంది. అదీ లేకపోతే స్లెడ్ (బరువు పెట్టి వెనక లాగే బండ). బరువు పౌండ్లలో చెప్పను, ఎందుకంటే అదే స్లెడ్ టర్ఫ్ మీద ఒకలా లాగుతుంది, గడ్డి మీద ఇంకోలా. టైము చూసుకోండి: స్లెడ్‌తో 10 యార్డులు రెండున్నర సెకన్లు దాటితే బరువు తియ్యండి.

4 నుంచి 6 వారాలు. మంగళవారం 10లు నాలుగు, 30లు నాలుగు. గురువారం ఫ్లయింగ్ 10లు నాలుగు: 25 యార్డులు క్రమంగా వేగం పెంచుకుంటూ వచ్చి తర్వాతి 10కి మాత్రమే టైము. మీవాడికి 1.05 దగ్గర మొదలవ్వాలి, 1.02 పడితే చాలా సంతోషం. ఇక్కడ పళ్లు బిగించకూడదు. దవడ వదులుగా, భుజాలు కిందకి. బిగిస్తే అంగ పొట్టిదవుతుంది.

7వ వారం మంగళవారం 30లు మూడు. గురువారం పూర్తి 60లు రెండు, మధ్యలో పది నిమిషాలు. ఇదే డ్రెస్ రిహార్సల్, అవే బూట్లు, అదే వార్మప్. పది 60ల శనివారాలు అన్నారు కదా, ఈ ఎనిమిది వారాల్లో షోకేస్‌కి ముందు మీవాడు పరిగెత్తే 60లు ఈ రెండే.

8వ వారం మంగళవారం 10లు మూడు, 20లు రెండు, 30 ఒకటి, అన్నీ ఫుల్ స్పీడ్. గురువారం 10లు మూడు, అంతే. శుక్రవారం వార్మప్ చేసి రెండు స్టార్ట్‌లు. ఈ వారంలో "ఇంకొక్కటి" అని చేసినవేవీ శనివారానికి లాభం కావు, కాళ్లలో అలసటగా మిగుల్తాయి.

జిమ్ కూడా అదే మంగళ, గురువారాలు, పరుగు అయ్యాక. ముందు జిమ్, తర్వాత పరుగు ఎప్పుడూ వద్దు. ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్ 3 సెట్లు ఐదేసి, వెనక కాలు బెంచీ మీద పెట్టి స్ప్లిట్ స్క్వాట్ 3 సెట్లు కాలికి ఆరేసి, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 2 సెట్లు ఎనిమిదేసి. ప్రతి సెట్‌లో ఇంకా రెండు ఎత్తగలిగేలా ఆపాలి. ఫెయిల్ అయ్యేదాకా ఎత్తిస్తే గురువారం పరుగు పోయినట్టే. పరుగుకి ముందు, వార్మప్ చివర్లో నిలువు గెంతులు (మోకాలు మడవకుండా, చీలమండతోనే) ఇరవై చొప్పున రెండుసార్లు, బ్రాడ్ జంప్ (నిలబడ్డచోటు నుంచే ముందుకి గెంతు) మూడేసి మూడుసార్లు. బ్రాడ్ జంప్ దూరం రాసి పెట్టుకోండి. అది పెరుగుతుంటే మొదటి 10 టైము కూడా తగ్గే దారిలో ఉన్నట్టే.

పారాచూట్ వద్దు. గాలి ఎటు కొడితే అటు లాగుతుంది. ల్యాడర్ ఎందుకు వద్దో పైన చెప్పారు. ఆ డబ్బుతో మంచి 200 అడుగుల టేపు కొనండి, 60 యార్డులు 180 అడుగులే కాబట్టి ఒకే లాగుడులో అయిపోతుంది.

---

తొడకండరం:

పైన పట్టిక బాగుంది గానీ హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గురించి లేదు. ఇన్నాళ్లూ జాగింగ్ చేసిన కాళ్లని ఒక్కసారిగా ఫ్లయింగ్ 10లలోకి తోస్తే తొడ వెనక పట్టేస్తుంది, నాలుగు వారాలు బెంచీ మీద. అందుకే పట్టికలో మొదటి మూడు వారాలు 20 దాటలేదు, అది గమనించి ఆ వరస మార్చకండి. చిన్న దూరాల్లో, గట్టు మీద కాలు పూర్తిగా ముందుకి సాగదు, హ్యామ్‌స్ట్రింగ్ మీద లాగుడు తక్కువ. టాప్ స్పీడ్‌లో పాదం నేలని తాకబోయే క్షణంలో అది సాగుతూనే బిగుసుకోవాల్సి వస్తుంది. తెగేది అక్కడే.

నార్డిక్ కర్ల్ చేయించండి. మోకాళ్ల కింద మెత్త, మడమల్ని ఎవరైనా పట్టుకోవాలి, శరీరం మోకాళ్ల నుంచి తల దాకా కర్రలా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకి వాలాలి. ఆపలేనప్పుడు చేతుల మీద పడి, చేతులతోనే తోసుకుని లేవాలి. మొదటి వారం 2 సెట్లు మూడేసి, మూడో వారానికి 3 సెట్లు ఐదేసి. మొదటిసారి చేశాక రెండు రోజులు కూర్చుని లేవాలంటే మూలుగుతాడు, అది మామూలే. అందుకే గురువారం పరుగు అయ్యాక మొదలుపెట్టండి, శుక్రవారం మ్యాచ్ లేని వారం చూసుకుని. 8వ వారంలో మానెయ్యండి.

వార్మప్ 20 నిమిషాలు తగ్గకూడదు. మెల్లటి పరుగు 3 నిమిషాలు, కాళ్లు ముందుకీ పక్కకీ ఊపడం, లంజ్‌లు, స్కిప్‌లు, తర్వాత 30 యార్డులు మూడు, 60 శాతం, 75, 90. నిలబడి కాలు పట్టుకుని నిమిషం సాగదీసే స్ట్రెచ్‌లు పరుగుకి ముందు వద్దు.

తొడ వెనక గిచ్చినట్టు అనిపిస్తే ఆ పరుగు మధ్యలోనే ఆపాలి, "ఇదొక్కటి పూర్తి చేస్తా" అనకూడదు. మోకాలిచిప్ప కింద ఎముక బొడిపె దగ్గర నొప్పి ఉంటే ఎదిగే వయసులో వచ్చే నొప్పి కావచ్చు, గెంతులు ఆపి పీడియాట్రిషన్‌కి చూపించండి.

తిండి. 148 పౌండ్లంటే 67 కిలోలు, కిలోకి 1.6 గ్రాముల లెక్కన రోజుకి 107 గ్రాముల ప్రోటీన్. గుడ్లు మూడు 18, గ్రీక్ యోగర్ట్ ఒక చిన్న డబ్బా 17 దాకా, పనీర్ 100 గ్రాములు 18, పాలు రెండు కప్పులు 16, గట్టి పప్పు రెండు కప్పులు ఓ 20. మిగతాది అన్నం, చపాతీ, వేరుశనగల్లో వచ్చేస్తుంది. గట్టి పప్పు అన్నాను, పప్పుచారు కాదు. శాకాహారం వల్ల వేగం తగ్గదు, సరిపడా తినకపోతే తగ్గుతుంది. అన్నం మానిపించకండి, స్ప్రింట్‌కి ఇంధనం అదే. క్రియాటిన్ గురించి ఎవరైనా ఎత్తితే డాక్టర్‌ని అడక్కుండా 16 ఏళ్లవాడికి కొనొద్దు.

---

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. చివరి 30 బాగుందని అసలు అనుకోలేదు, మేం ఇన్నాళ్లూ దాని మీదే పడి ఉన్నాం. ఇంకొక్కటి. ప్రతిసారీ లేజర్ దగ్గరికి వెళ్లలేం. ఫోన్‌తో 10 యార్డుల టైము నమ్మకంగా తియ్యొచ్చా? స్టాప్‌వాచ్‌తో నేను తీస్తే ఒకసారి 1.6, ఒకసారి 1.9 వస్తోంది.

---

స్ప్లిట్_శాస్త్రి:

తియ్యొచ్చు. 10 యార్డులకి స్టాప్‌వాచ్ పనికిరాదు, మన వేలి తప్పు మనం వెతుకుతున్న తేడా కంటే పెద్దది.

స్లో మోషన్ 240 ఫ్రేముల్లో పెట్టండి. ఫోను ట్రైపాడ్ మీద, సరిగ్గా 10 యార్డుల గీతకి సూటిగా, పరుగు దారికి 15 యార్డులు పక్కన. స్టార్ట్ కూడా ఫ్రేములో పడాలి. చాలామంది ఫోన్‌ని 5 యార్డుల దగ్గర మధ్యలో పెడతారు. అప్పుడు ఫినిష్ గీతని ఏటవాలుగా చూస్తాం, ఛాతీ దాటిందా లేదా అన్నది మోసం చేస్తుంది. స్టార్ట్‌లో మనకి కావాల్సింది మొదటి కదలిక, అది ఏ మూల నుంచి చూసినా అదే ఫ్రేములో కనిపిస్తుంది. గీత మీద ఉండాల్సింది ఫినిష్ దగ్గరే. 30కి కూడా ఇంతే, ఫోను 30 గీత మీద, 25 యార్డులు పక్కన.

మొదటి కదలిక కనపడ్డ ఫ్రేము నుంచి ఛాతీ గీతని దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 240తో భాగించండి. 1.84 అంటే 442 ఫ్రేములు, 1.72 అంటే 413. ఫోన్లో తీసిన అసలు వీడియోలోనే లెక్కపెట్టండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలో ఫ్రేములు ఎగిరిపోతాయి, లెక్క అంతా తప్పు. ఈ టైముని ఏప్రిల్ లేజర్ టైముతో పోల్చకండి, గడియారం మొదలయ్యే క్షణం వేరు. మొదటి రోజు ఫోన్‌తో ఒకటి తీసి పెట్టుకుని, దాంతోనే పోల్చుకుంటూ వెళ్లండి. గాలి ఏదైనా ఉంటే ఎప్పుడూ ఒకే దిక్కుకి పరిగెత్తించండి.

టేపు ఇంకా కొనకపోతే హైస్కూల్ ఫుట్‌బాల్ ఫీల్డ్ చాలు. గోల్ లైన్ మీద స్టార్ట్, 10, 30 గీతలు అక్కడే గీసి ఉంటాయి, 50 దాటాక అవతలి వైపు 40 గీత దగ్గర 60 పూర్తి. ఎండ్ జోన్ వెనక గీత నుంచి మొదలుపెట్టకండి, అక్కణ్ణుంచి 70 అవుతుంది. ఫినిష్‌కి ఇంకో పది యార్డుల అవతల బ్యాగు పెట్టి దాని దాకా పరిగెత్తమనండి, లేకపోతే 55 దగ్గరే బ్రేకు పడుతుంది.

---

స్టార్ట్‌లైన్:

బూట్లు మర్చిపోయాం. షోకేస్ టర్ఫ్ మీద అయితే మెటల్ స్పైక్స్ చాలా చోట్ల వేసుకోనివ్వరు, మోల్డెడ్ క్లీట్స్ (అడుగున మెటల్ కాని ముళ్లున్న బూట్లు) కావాలి. కొత్తవి ఆ రోజు తొడిగించకండి, 6వ వారంలోనే కొని వాటితోనే పరిగెత్తించండి. 60 సాధారణంగా పొద్దున్నే, మొదటి పనిగా పెడతారు. 8కి రెజిస్ట్రేషన్ అంటే వార్మప్‌కి 20 నిమిషాలు మిగిలేలా ముందే చేరుకోవాలి, కారు దిగి తిన్నగా గీత మీదకి వెళ్లకూడదు. పేర్ల వరసలో ఇద్దరిద్దర్ని పిలుస్తారు. పేరు వరసలో వెనకుంటే స్వెట్ ప్యాంట్స్ తియ్యకుండా, ఐదు నిమిషాలకోసారి నాలుగు గెంతులేస్తూ ఉండమనండి. పక్కవాడి వైపు చూడొద్దని మాత్రం రెండుసార్లు చెప్పండి, మెడ తిరిగితే భుజం తిరుగుతుంది.